ఆకు వయసు

ఉదయం పదీ నలభైకి ఆమె చూసింది. పళ్ళ ఆసుపత్రి హాల్లో ఉన్న అక్వేరియంలో కొత్త ఆకులు తిన్నగా వచ్చాయి. అది ఆమె చేసిన పని కాదు.

మూడు వారాలుగా ఆమె ఈ ట్యాంకులో చెయ్యి పెట్టలేదు. ఇక ఏమీ వేయకండి, కొన్నాళ్ళు అలా వదిలేసి చూద్దాం, అప్పటికీ బతక్కపోతే ప్లాస్టిక్ మొక్కలు పెట్టేసుకుందాం అన్నారు పళ్ళ డాక్టరుగారు. ఆయన కోప్పడలేదు. పన్ను పీకేముందు మాట్లాడే గొంతుతోనే చెప్పారు. ఆమె సరేనంది. నిన్న ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది, ఒకసారి రండి, తాళంచెవి తీసుకురండి అన్నారు, వచ్చింది. ట్యాంకు కింద అలమార తాళంచెవి సంచిలో ఉంది. అయినా ఇంకొక్క నెల గడువు అడగాలని బస్సులో వస్తున్నంతసేపూ ఒక వాక్యం కూర్చుకుంది, ఆ వాక్యంలో నా వల్ల కాలేదు అన్న ముక్క ముందు పెట్టాలా చివర పెట్టాలా అన్నది తేలకుండానే దిగాల్సిన చోటు వచ్చింది, ఇప్పుడిక ఆ వాక్యంతో పని లేదు, ఎందుకంటే ఎర్రకాడ మొక్క కొసన నాలుగు జతల ఆకులు, ఒకదాని మీద ఒకటి, వంకర లేకుండా ముడత లేకుండా ఉన్నాయి. ఆమె కుర్చీని గాజుకి దగ్గరగా జరుపుకుంది. పక్క కుర్చీలో బుగ్గ పట్టుకుని కూర్చున్నాయన కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చాడు. లోపలి గదిలో పళ్ళ మిషను మోగింది, ఆగింది, మళ్ళీ మోగింది. ఇందాక లోపలికి వస్తుంటే రిసెప్షన్ అమ్మాయి "ఇప్పుడు ఒంట్లో ఎలా ఉందండీ" అని అడిగింది. "బానే ఉందమ్మా" అంది ఆమె. ఎవరైనా అలాగే అడుగుతారు, ఎవరైనా అలాగే చెప్తారు.

ముందు ఆకు వయసు చూడాలి. జబ్బు సంగతి తర్వాత. ఆకు మీద చిల్లుందా పసుపుందా అని వెతికేవాళ్ళు రోజంతా వెతుకుతారు, ఆమె మాత్రం చెడిపోయిన ఆకు పాతదా కొత్తదా అని అడుగుతుంది, ఎవరెవరో తడి కాగితంలో ఆకు చుట్టుకుని అన్నయ్య చేపల దుకాణానికి తెస్తారు, ఆకులమ్మగారు ఉన్నారా అంటారు, కాడతో సహా తేకుండా ఉత్త ఆకు తెస్తే ఆమె వెనక్కి పంపేస్తుంది. మొక్క ఒంట్లో కొన్ని సరుకులు కదులుతాయి, కొన్ని కదలవు. నైట్రోజన్, పొటాషియం, మెగ్నీషియం కదులుతాయి. నీళ్ళలో అవి చాలనప్పుడు మొక్క పాత ఆకులోంచి లాగి కొత్త ఆకుకి పెడుతుంది, అందుకని ముందు పాత ఆకు చెడుతుంది. ఐరన్, కాల్షియం కదలవు. ఒక ఆకులో చేరాయంటే అక్కడే ఉండిపోతాయి, కొరత వస్తే కొత్త ఆకు వంకరపోతుంది, పాత ఆకు పచ్చగా ఉండి చూస్తూంటుంది. ఈ మాట వదినకి చెప్పిన రోజు వదిన గిన్నెలు తుడుస్తోంది, అన్నయ్యకి పెళ్ళయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. "అయితే మా పుట్టింట్లో పొటాషియం కొరత" అంది వదిన, "అన్నీ నా దగ్గర్నించి లాగి మా తమ్ముడికి పెట్టేవాళ్ళు." ఇద్దరూ నవ్వారు. పక్క గదిలోంచి అన్నయ్య "ఏంటి, నా మీదేనా?" అని అరిచాడు. "మీరు ఐరన్ లెండి, కూర్చున్నచోటు నుంచి కదలరు" అంది వదిన. ఆమె ఆ రోజు నవ్వి నవ్వి కూర్చుండిపోయింది. ఇంట్లో ఒకరు తన పనిలో మాటతో హాస్యమాడటం అదే మొదలు. అన్నయ్యకి చేపలే తెలుసు, మొక్క అంటే చేప దాక్కునే చోటు.

ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. వదిన ఆ సామెతనే పేరుగా పెట్టేసింది. అర్ధమొగుడుగారూ, టీ చల్లారిపోతోంది, తాగి చావు. అర్ధమొగుడుగారూ, మీ అన్నయ్యగారు అలిగారు, నీ వంతు సగం అలక కూడా ఇప్పుడే కానిచ్చెయ్, రెండూ కలిపి తీరుస్తా. వచ్చిన కొత్తలో వదిన వాచీ తీయకుండా మోచేతిదాకా ట్యాంకులో చెయ్యి పెట్టేసింది, వాచీ ఆగిపోయింది, ఆగిపోయిన వాచీనే చాలా రోజులు పెట్టుకు తిరిగింది, టైమెంతయింది వదినా అంటే నువ్వు నాకు పని నేర్పిన టైమయింది అనేది. పట్టకారు పట్టుకోవడం, కాడని ఏటవాలుగా కోయడం, ఇసకలో గుచ్చి వేలు పెట్టకుండా పట్టకారు వదలడం, అన్నీ ఆమె నేర్పింది, దెబ్బతిన్న ఆకు మళ్ళీ బాగుపడదు, మందు పనిచేసిందో లేదో తెలియాలంటే పాత ఆకుని చూసి లాభం లేదు, కొత్త ఆకుని చూడాలి, పాతదాన్ని కోసెయ్యాలి, అది కూడా నేర్పింది. వదిన కోయడానికి జంకేది. సగం పచ్చగానే ఉంది కదా, ఉంచుదాం అనేది. ఉంచితే కుళ్ళి నీళ్ళు పాడుచేస్తుంది, కోసెయ్ అనేది ఆమె.

గాజు అవతల నత్త ఒకటి పైకి పాకుతోంది. దాని చిప్ప మొదట్లో తెల్లగా పెళుసెక్కి ఉంది, అంచున కొత్తగా పెరిగిన భాగం గోధుమరంగులో గట్టిగా ఉంది. నత్త కూడా లెక్క చెప్తోంది. ఆమె నత్త చిప్ప వైపు చూసి, ఎర్రకాడ మొక్క వైపు చూసి, కాడని అడుగు నుంచి పైకి చదివింది. అడుగున ఆకులు లేవు, రాలిపోయాయి. ఆ పైన పసుపు తిరిగిన జతలు, ఈనెలు పచ్చగా, ఈనెల మధ్య పసుపు. ఆ పైన గోరులా కొంకి తిరిగిన జతలు, పెసర గింజంత కూడా విప్పుకోలేదు. ఆ పైన ఉన్నట్టుండి నాలుగు తిన్నటి జతలు. కొంకి తిరిగిన జతకీ తిన్నటి జతకీ మధ్య నడిమి రకం లేదు. మెల్లగా కోలుకున్న మొక్క అలా ఉండదు. ఒక రోజున ఎవరో వచ్చి, కావలసిందేదో ఒక్కసారే ఇచ్చారు. ఆ రోజు ఏదో కూడా కాడ మీదే ఉంది, నాలుగు జతలంటే మూడు వారాలు. తను చెయ్యి తీసిన రోజుకీ ఇంకెవరో చెయ్యి పెట్టిన రోజుకీ ఎడం లేదు.

నాలుగు నెలల కిందట మొదలైంది. మొదట కొసలు వంకరపోయాయి, కొత్త ఆకు కాబట్టి ఐరన్ అనుకుంది, ఐరన్ వేసింది. రెండు వారాల్లో నడిమి పెద్దాకుల మొక్కకి పాత ఆకులు పసుపు తిరిగాయి, పాత ఆకు కాబట్టి పొటాషియం అనుకుంది, అదీ వేసింది. పైనా కిందా రెండూ చెడుతుంటే ఒకే జబ్బు అనిపించలేదు. లైటు తగ్గించింది, పెంచింది, ఫిల్టరు కడిగింది, ఇసక కింద ఎరువు బిళ్ళలు పెట్టింది, కార్బన్ డయాక్సైడ్ సిలిండరు మార్పించింది. కొసలు వంకరపోతే కాల్షియం అని పుస్తకం చెప్పక్కర్లేదు, ఆమే పదిమందికి చెప్పింది, కానీ ఈ ఊరి నీళ్ళలో కాల్షియం కొరత అంటే సముద్రంలో ఉప్పు కరువన్నట్టే. ఈ ఊళ్ళో కుళాయి మూతి చుట్టూ సున్నం గడ్డకడుతుంది, టీ గిన్నె అడుగున పెచ్చు కడుతుంది, అన్నయ్య తలంటుకుంటే జుట్టు చీపురవుతుంది. నీళ్ళ పరీక్ష పెట్టెలో సున్నం కొలిచే సీసా ఒకటి ఉండేది, తేదీ దాటిపోయినా దాన్ని ఆమె ఏ రోజూ విప్పలేదు, ఈ ఊళ్ళో ఈ పనిచేసే ఎవరూ విప్పరు. మిగతా సీసాలన్నీ వాడింది. అన్నీ ఎప్పటిలాగే చూపించాయి. పోనుపోను ఆమె తన కళ్ళని నమ్మడం మానేసింది. దుకాణానికి ఎవరైనా ఆకు తెస్తే చూసి ఏమీ చెప్పకుండా వదినకేసి చూసేది. వదిన చెప్పేది. వదిన చెప్పినప్పుడు ఆకు తెచ్చినవాళ్ళు ఆకులమ్మగారు ఏమంటారు అని అడిగేవాళ్ళు, వదిన చెప్పిందే అనేది ఆమె. అద్దాలు మార్పించుకుంది కూడా. కళ్ళజోడు దుకాణంవాడు పాత నెంబరే ఉంది కదమ్మా అన్నా వినలేదు.

ఎవరు వచ్చారు. డాక్టరుగారు వేరేవాళ్ళని పెట్టుకున్నారు, అంతే అయి ఉంటుంది, పెట్టుకోకూడదని ఏముంది, స్టేషను పక్క అక్వేరియం దుకాణంవాడు ఎప్పట్నించో ఈ ట్యాంకు మీద కన్నేశాడు, మీ ట్యాంకులో పాలకూర బాగా పండిందటగా అని ఆమధ్య దారిలో వెటకారం కూడా ఆడాడు. అయితే వాడికి మొక్క గుచ్చడం రాదు. వాడు గుత్తి గుత్తిగా పాతేస్తాడు, గుత్తికి బరువుగా చుట్టిన సీసం చుట్టు కూడా విప్పడు. ఆమె కుర్చీలోంచి ముందుకి వంగింది. ముందు వరసలో కాడలు కోసి తిరిగి నాటారు. ఒక్కొక్కటే నాటారు. కోత ఏటవాలుగా ఉంది. ఇసక లోంచి, కాడకి రెండు పక్కలా, ఆకు కొసలు రెండు బయటికి పొడుచుకువచ్చి ఉన్నాయి. రెండో కాడకీ ఉన్నాయి. మూడో దానికీ ఉన్నాయి. నాటేముందు అడుగు జత ఆకులు గిల్లేస్తారు, ఇసకలో పడితే కుళ్ళుతాయని, ఈ పనిలో ఉన్నవాళ్ళందరూ గిల్లేస్తారు, ఆమె కూడా గిల్లేస్తుంది. గిల్లకుండా పైకి మడిచి ఆకులతో సహా గుచ్చే మనిషిని ఆమె ఒక్కరినే చూసింది. ఇదేం పద్ధతి అంటే అది లంగరు అంది ఆ మనిషి. "నీ మొక్కలు పొద్దున్నకి తేలతాయి, నావి తేలవు చూడు. పందెమా?" పందెం వేసుకున్నారు. ఆమె మొక్కలు రెండు తేలాయి. వదినవి ఒక్కటీ తేలలేదు. ఓడినవాళ్ళు వారం రోజులు ఫిల్టర్లు కడగాలి, ఆమె కడిగింది, వదిన పక్కనే ముక్కాలి పీట వేసుకుని కూర్చుని, ఆ మూల కూడా రుద్దు అర్ధమొగుడుగారూ, అంది.

కాదు. వదిన లంగరు చూసి ఇంకెవరైనా నేర్చుకుని ఉంటారు. వాళ్ళే చూసే బడి ట్యాంకులో వదిన ఇలాగే నాటింది, బడికి వచ్చేపోయేవాళ్ళు చూస్తారు, చూసి నేర్చుకుంటారు, మూడు వారాలుగా వదిన బడి ట్యాంకుకే వెళ్తోంది, అక్కడ నాచు పట్టిందంది, వెళ్ళి వచ్చాక చేతులు మోచేతిదాకా నానిపోయి ఉంటున్నాయి, ఆమే రెండు రోజులు నూనె రాసింది. బడికి సెలవులిచ్చి పది రోజులైంది. ఆమె లేచింది. గాజుకి ఆనించిన చెయ్యి జిగటగా ఉంది, కడుక్కోవాలనిపించింది. హాలు చివర బాత్రూం. సబ్బు రుద్దింది. నురగ మణికట్టు దాటి లేచింది. నీళ్ళ కింద చేతులు పెట్టింది. సబ్బు వదల్లేదు. ఇంకా జారుతోంది. మళ్ళీ పెట్టింది. జారుతోంది. ఈ ఊరి నీళ్ళలో సబ్బు నురగే రాదు, వచ్చిన నాలుగు బుడగలూ తిప్పీ తిప్పకముందే పోతాయి, ఆమె పుట్టిన దగ్గర్నించీ ఈ ఊరి నీళ్ళతో చేతులు కడుక్కుంటోంది. కుళాయి మూతి చూసింది. సున్నం లేదు. కుళాయి కొత్తది కాదు, గీతలు పడి ఉంది, సున్నం మాత్రం లేదు. పెరటి మెట్ల కింద ఉప్పు బస్తాలు గుర్తొచ్చాయి. ఆ బస్తాలు చూసి ఆమె నాలుగు నెలల కిందట వాచ్‌మన్‌తో మేడమీద సముద్రం పెడుతున్నారా ఏంటి అంది. వాచ్‌మన్ నవ్వాడు. ఏమో అమ్మా, మోయమంటే మోస్తున్నా అన్నాడు. నీళ్ళలో సున్నం లాగేసి దాని బదులు ఉప్పు వదిలే మిషన్లుంటాయని ఆమెకి తెలుసు. ఇన్నాళ్ళూ ట్యాంకులో తను పోసిందీ ఈ లోపలి నీళ్ళే. సున్నం పోతే కాల్షియం పోతుంది, దానితోపాటు మెగ్నీషియమూ పోతుంది. ఒకటి కదలదు, కొత్త ఆకు వంకరపోతుంది. ఒకటి కదులుతుంది, పాత ఆకు పసుపు తిరుగుతుంది. పైనా కిందా. ఒకే జబ్బు. ఆమె చేతులు తుడుచుకోకుండానే బయటికి వచ్చింది.

రిసెప్షన్ అమ్మాయి ఫోను పెట్టేదాకా నిలబడింది.

"మేడమీద నీళ్ళ మిషను ఎప్పుడు పెట్టారమ్మా?"

"చాలా రోజులైందండీ. మా పళ్ళ మిషన్ల పైపుల్లో సున్నం పట్టేస్తోందని పెట్టించారు. మీకు జ్వరమని మీ వదినగారొక్కరే వచ్చారు చూడండి, ఆ రోజే."

"మా వదినకి తెలుసా?"

"అయ్యో, ఆవిడే కదండీ మేడెక్కి చూసొచ్చింది. చేపలకేమన్నా అవుతుందా అని నేనే అడిగాను. చేపలకేం కాదు, మా ఆడపడుచుతో నే చెప్తాలే అన్నారు." అమ్మాయి పెన్ను మూత పెట్టింది, తీసింది. "మీరు పంపిస్తేనే కదండీ ఆవిడ మళ్ళీ వస్తున్నారు? మీకు ఒంట్లో బాగోక ఇక బయటి ట్యాంకులు చూడరన్నారు. డాక్టరుగారు మీతో మాట్లాడిన మర్నాడే వచ్చారు. ఇప్పుడు తోట కుళాయి నీళ్ళు వాడుతున్నారు, ఆ కుళాయికి మిషను లేదుగా."

తోట కుళాయి పెరటి గుమ్మం పక్కనే ఉంది. హాల్లోంచి కనిపిస్తుంది. దాని మూతి చుట్టూ సున్నం బొప్పి కట్టి ఉంది. ఆమె మళ్ళీ వచ్చి ట్యాంకు ముందు కూర్చుంది. బుగ్గ పట్టుకున్నాయన్ని లోపలికి పిలిచారు. ఎందుకండీ ఇంత పచ్చగా ఉంది, నిజం మొక్కలేనా అని ఆయన లేస్తూ అడిగాడు. నిజమే అంది ఆమె.

ఆ నాలుగు నెలల్లో ఒక సాయంత్రం వదిన వంటగట్టు దగ్గర దీపం కింద నిలబడి, చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పోసి సీసాలోంచి చుక్క వేస్తోంది. పెట్టెలో సున్నం కొలిచే సీసా కనపడక ఆమె అంతకు రెండు రోజుల ముందు అడిగితే, తేదీ దాటింది, పారేశా అంది వదిన. ఇది కొత్త సీసా. చుక్క పడగానే నీళ్ళు ఎర్రబడాలి, ఇంకా ఇంకా చుక్కలు వేస్తూ పోతే ఎప్పటికో ఆకుపచ్చ తిరగాలి, ఎన్ని చుక్కలకి తిరిగితే అంత సున్నం. ఊరి నీళ్ళకైతే వేసి వేసి వేళ్ళు నొప్పి పుడతాయి. వదిన ఒక్క చుక్క వేసింది. ఒక్క చుక్కకే ఆకుపచ్చ తిరిగింది. ఆమె గుమ్మంలో నిలబడి చూసింది, చూసి, కొత్త సీసా పనిచేస్తోందో లేదో అని వాన నీళ్ళో కొన్న నీళ్ళో పోసి చూస్తోంది కాబోలు అనుకుంది. ఏంటది వదినా అంది. ఊరికే, బడి ట్యాంకుది అంది వదిన, గొట్టం కడిగేసి బోర్లించింది. తర్వాత కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ, "పళ్ళ ఆసుపత్రి ట్యాంకు సంగతి ఏం తేల్చావు, ఐరనేనా?" అని అడిగింది. ఐరనే అనిపిస్తోంది అంది ఆమె. వదిన ఆమె ముఖంలోకి చూసింది. చూసిన సంగతి ఆమెకి గుర్తుంది, తను అప్పుడు ఏడ్చి వచ్చింది కాబట్టి కళ్ళు వాచాయేమోనని తలొంచుకున్న సంగతి కూడా గుర్తుంది. "అయితే ఐరనే వెయ్యి" అంది వదిన. "ఇంకొంచెం ఎక్కువ వేసి చూడు." ఆమె మర్నాడు వచ్చి ఎక్కువ వేసింది. నీళ్ళు తుప్పు రంగు తిరిగాయి. డాక్టరుగారు హాల్లోకి వచ్చి చూసి, లోపలికి వెళ్ళారు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె తినకపోతే వదిన కంచం ఎత్తి పట్టుకుని, అర్ధమొగుడు తిననంటే నేను సగమే తినాలి, నన్ను పస్తు పెట్టకు అంది. ఆమె తింది.

అన్నయ్యకి ఫోను చేసింది. దుకాణంలో గాలి పంపుల చప్పుడు వినపడింది.

"అన్నయ్యా, పళ్ళ ఆసుపత్రి ట్యాంకు ఎవరు చూస్తున్నారు?"



"నువ్వు అక్కడున్నావా?" అన్నాడు.

"అది కాదు నేనడిగింది."

"ఇంటికి రా, మాట్లాడుకుందాం."

"నీకు తెలుసా?"

"ఇప్పుడు అవన్నీ ఎందుకమ్మా. వాళ్ళు కొత్తగా ఇంకో ఆసుపత్రి కడుతున్నారు, అక్కడ దీనికి రెండింతల ట్యాంకు పెడతారట. అది తను సొంతంగా చూసుకుంటానంది. నీ చేతి కింద ఎన్నాళ్ళని ఉంటుంది చెప్పు. నీకు చెబుదామనే అనుకుంది."

"నాలుగు నెలల్నించీ అనుకుందా?"

"నాకు మిషను సంగతి మొన్ననే తెలిసింది. ఒట్టు." పంపు ఒకటి ఆగింది, అన్నయ్య దాన్ని చేత్తో కొట్టిన చప్పుడు వచ్చింది, మళ్ళీ మొదలైంది. "పొద్దున్న ఏమన్నా తిన్నావా?"

ఆమె ఫోను సంచిలో పెట్టింది. తాళంచెవి చేతికి తగిలింది. మొన్న అంటే, మొన్న రాత్రి ముగ్గురూ కలిసే తిన్నారు, ప్లాస్టిక్ మొక్కల్లో కాస్త మంచివి ఎక్కడ దొరుకుతాయి అని ఆమె అడిగింది, అన్నయ్య కంచంలోకి చూస్తూ కనుక్కుందాంలే అన్నాడు, వదిన ఆమె కంచంలో ఇంకొంచెం వడ్డించింది. మూడు వారాలుగా వదిన ఆమెతో ఎప్పటిలాగే ఉంది. అందులో ఏ ఆకూ పసుపు తిరగలేదు. నానిన చేతులకి నూనె రాస్తుంటే చక్కిలిగింతలు పెడుతున్నావు అని నవ్వింది, ఆ చేతులు ఈ నీళ్ళలో నానినవి, ఈ కాడలు గుచ్చినవి. అంతకు ముందు మూడు నెలలు. ఆమె ప్రతివారం ఈ ట్యాంకు నుంచి ఇంటికి వెళ్ళి గుమ్మంలో చెప్పులు విడుస్తుంటేనే వదిన ఎదురొచ్చి ఎలా ఉంది అని అడిగేది, ఆమె చెప్పేది, ఏ ఆకు ఎలా ఉందో కాడ కాడా చెప్పేది, ఇంక చెప్పడానికి ఇంట్లో ఎవరున్నారు, వదిన చివరిదాకా వినేది, మధ్యలో సందేహాలు అడిగేది, పెద్దాకుల మొక్కకి ఈనెలు పచ్చగానే ఉన్నాయా అని ఒకసారి అడిగింది, ఉన్నాయి అంది ఆమె. ఈనెలు పచ్చగా ఉండి మధ్య పసుపు అంటే మెగ్నీషియం. వదిన అది తెలిసే అడిగింది. ఉన్నాయి అని తను చెప్పాక వదిన ఊఁ అని, కాళ్ళు కడుక్కుని రా అంది.

పెరటి గుమ్మం తలుపు తెరుచుకుంది. వదిన వచ్చింది. భుజాన ఆకుపచ్చ గొట్టం, చేతిలో బకెట్టు, బకెట్లో కత్తెర, పట్టకారు. గొట్టం మధ్యలో నీలం టేపు చుట్టి ఉంది, ఆ టేపు చుట్టింది ఆమె. వదిన నాలుగడుగులు వేసి ఆమెని చూసి ఆగింది. రిసెప్షన్ అమ్మాయి ఇద్దరినీ చూసి, పుస్తకంలోకి చూసింది.

"మీరెప్పుడొచ్చారు?" అంది వదిన.

ఇన్నేళ్ళలో వదిన ఆమెని మీరు అనలేదు.

"ఒక్క చుక్కకే ఆకుపచ్చ తిరిగింది కదా, వదినా" అంది ఆమె.

వదిన బకెట్టు కింద పెట్టింది. గొట్టం భుజాన్నించి దించి చుట్ట విప్పుతూ, "అడిగాను కదా" అంది. "ఐరనేనా అని అడిగాను. ఐరనే అన్నారు."

లోపలి తలుపు తీసుకుని డాక్టరుగారు బయటికి వచ్చారు, మాస్కు గడ్డం కిందికి లాగి ఉంది. "ఓ, ఇద్దరూ వచ్చారే. ఇప్పుడెలా ఉందమ్మా ఒంట్లో? నేనే రమ్మన్నాను, తాళంచెవి ఒకటి మీ దగ్గరుండిపోయిందని. చూశారా ట్యాంకు, ప్లాస్టిక్ బెడద తప్పింది. మీరు నేర్పిన చెయ్యే కదా, మా ట్యాంకు వైద్యం మీ ఇల్లు దాటి పోలేదు." ఆయన నవ్వారు. "నాకు పేషెంటు ఉన్నాడు. తాళం ఆవిడకి ఇచ్చేయండి."

తలుపు మూసుకుంది. మిషను మోగింది.

ఆమె సంచిలోంచి తాళంచెవి తీసింది. వదిన చెయ్యి చాపలేదు. ఆమె దాన్ని ట్యాంకు అంచున పెట్టింది. వదిన వెళ్ళి గొట్టం ఒక కొస తోట కుళాయికి తగిలించి, రెండో కొస ట్యాంకులో వేసి, కుళాయి తిప్పింది. వచ్చి తాళంచెవి తీసుకుంది. వాచీ తీసి జేబురుమాల్లో చుట్టి పక్కన పెట్టింది. కత్తెర తీసుకుని పెద్దాకుల మొక్క పాత ఆకుల్ని, సగం పచ్చగా ఉన్నవాటిని కూడా, మొదలంటా కోసింది.

పదకొండూ నలభైకి ఆ ఆకులు బకెట్లో ఉన్నాయి. ట్యాంకులోకి తోట కుళాయి నీళ్ళు వస్తున్నాయి.